జొన్నబెండు స్తంభం

ఆ వేకువన గాలి వీస్తూనే ఉంది గాని మబ్బులు కదలలేదు. కట్టుకొయ్యకు కట్టేసిన ఎడ్లలాగా ఉన్నచోటనే నిలబడి నెమరు వేస్తున్నాయి. తూర్పున పొద్దు పొడిచిందో లేదో చెప్పలేని వెలుగు. కాసేపటికి ఆ మబ్బుల్లో ఒకదాని అడుగున నీడ పడింది. ఆ నీడకు మూలలు వచ్చాయి. అంచులు వచ్చాయి. చూస్తూ ఉండగానే కిటికీలు తెరుచుకున్నాయి.

“అదే” అన్నాడు సింగన.

పొగలోయ అంచున ఇద్దరు నిలబడి ఉన్నారు. సింగన హంసతీర రాజ్యంలో వంతెనలు కట్టే మేస్త్రి. మాట తక్కువ మనిషి. రాయిని చూస్తే దాని బరువు చెప్పగలడు గాని, మనిషిని చూస్తే పలకరించడానికి వెనకాడతాడు. పక్కన తలపాగా చుట్టి, మోకాళ్ళ పైకి పంచె బిగించి, నెత్తిన గంప పెట్టుకున్నది అతని కూలివాడు కువ్వన్న. లోకానికే కువ్వన్న. నిజానికి హంసతీర రాజుగారి ఒక్కగానొక్క కూతురు కువలయ.

“గంప నేను మోస్తానమ్మా” అన్నాడు సింగన.

“మళ్ళీ అమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి సింగన్నా? మేస్త్రి కూలివాణ్ణి ఎట్టా పిలుస్తాడు? ఏరా అను.”

“నోరు రాదమ్మా.”

“నీ నోరు రాక నా తల పోయేట్టుంది. అను.”

సింగన నోరు తెరిచాడు, మూశాడు, లోయలోకి చూశాడు. అడుగు కనిపించలేదు. పాలు పొంగినట్టు తెల్లని పొగ పైకి వస్తోంది, మళ్ళీ కిందికి పోతోంది.

ఆ వేలాడే మేడ ఊర్ణనాభుడనే మాంత్రికుడిది. ఊర్ణనాభుడంటే సాలెపురుగు. ఆ పేరు తల్లి పెట్టిందో లోకం పెట్టిందో ఎవరికీ తెలియదు. పునాది లేకుండా మబ్బు మీద మేడ కట్టినవాడు భూమ్మీద అతనొక్కడే. నిరుడు హంసతీర రాజుకు అలాంటి మేడే కావాలనిపించింది. ఆ రహస్యం కనుక్కుని రమ్మని ఆస్థాన శిల్పి శరభన్నను పంపాడు. వెళ్ళిన శరభన్న తిరిగి రాలేదు. తేనె కోసం కొండ చరియలకు తాళ్ళు కట్టి దిగే వాళ్ళు దూరం నుంచి చూసి వచ్చి చెప్పారు: ఆయన ఆ మేడలో రాతిస్తంభమై, రెండు చేతులూ పైకెత్తి దూలం మోస్తున్నాడని.

శరభన్న సింగనకు మేనమామ. తల్లి పోయిన పసివాణ్ణి భుజాన వేసుకుని పెంచి, చేతికి తాపీ ఇచ్చినవాడు. మామను వెనక్కి తెచ్చుకోవాలి. సింగనకు అంతకుమించి మరో ఆలోచన లేదు. కువలయకు మాత్రం ఇంకొకటి ఉంది. పంపింది తన తండ్రి.

ఇవాళ మళ్ళీ ఊర్ణనాభుడి పుట్టినరోజు. ఆ ఒక్కరోజే ఆ మేడలోకి దారి ఉంటుంది.

కట్టడాల వాళ్ళ పుట్టినరోజు అందరిదీ లాంటిది కాదు. బట్టలు పెట్టరు, బంగారం పెట్టరు. ఎందుకూ కొరగానిదేదో ఒక గంపెడు తెచ్చి ముందు పెట్టి, “దీంతో ఫలానాది కట్టు” అంటారు. దాన్ని కట్టుకానుక అంటారు. పుట్టినవాడు పొద్దు వాలేలోగా కట్టాలి. చేతులు, ఒక చాకు, అంతే. తాపీ పట్టకూడదు, మంత్రం పలకకూడదు. కట్టింది మోస్తుందో లేదో కానుక తెచ్చినవాడే మొదట తన ఒంటితో తేల్చాలి. వంతెనైతే ముందు వాడే నడవాలి, కప్పయితే ముందు వాడే కింద నిలబడాలి. కట్టింది నిలిస్తే కట్టినవాడు ఏదైనా కోరవచ్చు. కూలితే తెచ్చినవాడు కోరవచ్చు. కాదనడానికి లేదు. మామూలు ఇళ్ళల్లో అయితే పాట పాడమనేవాళ్ళు, వీపు రుద్దమనేవాళ్ళు. ఊర్ణనాభుడు అట్లా కోరడు. “నువ్వే కావాలి” అంటాడు. ఆ మేడలో స్తంభాలన్నీ అట్లా వచ్చినవే.

అయితే ఆ మాంత్రికుడు కూడా కట్టడాల వంశంలో పుట్టినవాడే. కట్టుకానుక కట్టు తప్పిన మేస్త్రికి చెయ్యి పడిపోతుందని ఆ వంశంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఎంత దుర్మార్గుడైనా ఆ ఒక్కటి తప్పడు. సింగన నమ్ముకున్నది దాన్నే.

ఎదుటి మేడ వాకిట్లోంచి వెండిదారాలు బయలుదేరాయి. ఎవరూ విసరలేదు, ఎవరూ లాగలేదు. నిద్రలో చెయ్యి చాచినట్టు మెల్లగా వచ్చి లోయ అంచున రాళ్ళకు చుట్టుకున్నాయి. వాటి నడుమ మరికొన్ని అల్లుకుని వంతెన అయింది. అందులోంచి లోయ కనిపిస్తోంది.

సింగన ముందు నడిచాడు. వెనక కువలయ. దారం కాలికింద మెత్తగా ఉంది, తడి గడ్డి మీద నడిచినట్టు. పొగలోంచి ఏవో పక్షులు తలకిందులుగా ఎగురుతూ పోయాయి. ఎక్కడో దూరాన, చాలా కాలం కిందట చచ్చిపోయిన వాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు సన్నని గొంతులు వినిపించాయి. సింగనకు కళ్ళు బరువెక్కాయి.

వంతెన ఊగింది. గాలికి ఊగినట్టు కాదు. ఒక పక్కకు పోయి, వెనక్కి వచ్చి, ఈసారి మరింత దూరం పోయింది. సింగన దారం పట్టుకుని వెనక్కి చూశాడు. కువలయ తల నిటారుగా పెట్టి, గంపతో, టకటకమని నడిచి వస్తోంది. చిన్నప్పటినుంచీ సైనికుల మధ్య కత్తి పట్టి నడిచిన పిల్ల. అడుగుకు అడుగు కొలిచినట్టు పడుతోంది. ప్రతి అడుగుకూ వంతెన ఊపు అందుకుంటోంది, ఉయ్యాలను ఎవరో సరిగ్గా సమయానికి తోస్తున్నట్టు.

ఒక దారం ఫట్టుమని తెగి సింగన చెవి పక్కనుంచి పోయింది.

“ఒరేయ్!” అని అరిచాడు సింగన. “అడుగు తప్పురా! తాగినోడిలా నడువు!”

కువలయ ఆగిపోయింది. ఒక కాలు పొడుగ్గా వేసింది, ఒకటి పొట్టిగా వేసింది, మధ్యలో కుంటింది. ఊపు తగ్గింది. ఇంకొన్ని కుంటి అడుగులు. వంతెన నిద్రపోయినట్టు సర్దుకుంది.

మేడ వాకిట్లో కాలు పెట్టాక ఆమె గంప దించి ఊపిరి పీల్చుకుంది. నుదుట చెమట తుడుచుకుంటూ నవ్వింది.

“వచ్చిందిగా నోరు!”

సింగన నేల చూశాడు. “వంతెన మీద మర్యాదలుండవమ్మా” అన్నాడు.

ఆ మేడను వర్ణించడం కష్టం. గోడలు తోడుకున్న పెరుగులా తెల్లగా, మెత్తగా ఉన్నాయి. వేలు పెడితే కొంచెం లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తుంది. ఒత్తి లేకుండా దీపాలు వెలుగుతున్నాయి. ఒక కిటికీలోంచి వాన కనిపిస్తోంది, పక్క కిటికీలోంచి ఎండ. నడిచిన అడుగుల చప్పుడు నడిచిన తర్వాత కాసేపటికి వెనకనుంచి వస్తోంది, ఎవరో అనుసరిస్తున్నట్టు. పైకప్పంతా తామరతూడుల్లా అల్లుకున్న వెండి దూలాలు. ఆ అందమంతా మోస్తున్నది మాత్రం స్తంభాలు. ప్రతి స్తంభమూ ఒక మనిషి. మగవాళ్ళు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. చేతులెత్తి, మెడలు కొంచెం వంచి, కళ్ళు తెరిచి.

ఉత్తరం వైపు, కప్పు కాస్త వాలిన చోట, శరభన్న ఉన్నాడు.

సింగన చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాడు. రాతి రెప్పల మీద దుమ్ము ఉంది. పైబట్టతో తుడవాలనిపించింది. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

సభ మధ్యలో చాప మీద కూర్చున్నాడు ఊర్ణనాభుడు. ముసలివాడు. ఒళ్ళంతా ముడతలు గాని కళ్ళు మాత్రం పదేళ్ళ పిల్లవాడివి. వేళ్ళు పొడుగ్గా, సన్నగా, ఒక్కక్షణం ఊరుకోకుండా ఏదో అల్లుతున్నట్టు కదులుతున్నాయి. అతని ముందు బొద్దుగా ఉన్న మేస్త్రి ఒకడు నిలబడి ఉన్నాడు. ఉప్పుసీమ నుంచి కోడిగుడ్లు తెచ్చాడు. “వీటితో నేను కూర్చునే పీట కట్టు” అన్నాడట.

ఊర్ణనాభుడు అప్పటికే కట్టేశాడు. గుడ్లను పడుకోబెట్టకుండా మొనల మీద నిలబెట్టాడు. ఒకదానికొకటి దగ్గరగా, చుట్టూ గడ్డితాడుతో నడుములు బిగించి. పైన అరిటాకు పరిచాడు.

“కూర్చో నాయనా” అన్నాడు ఎంతో ప్రేమగా.

లావుపాటి మేస్త్రి భయంభయంగా కూర్చున్నాడు. ఒక్క గుడ్డూ చిట్లలేదు. అతను కాళ్ళు పైకెత్తాడు. అయినా చిట్లలేదు. అప్పుడు ఆ మనిషికి భయం పోయింది, పందెం పోయిందన్న సంగతి కూడా పోయింది. “అబ్బ! ఎంత పని చేశావయ్యా!” అని చేతులు చరిచి పకపకా నవ్వాడు.

“నువ్వే కావాలి” అన్నాడు ఊర్ణనాభుడు.

నవ్వు నవ్వుగానే రాయి అయింది. రాయి తనంతట తానే లేచి, దక్షిణపు వైపు ఖాళీగా ఉన్న దూలం కింద నిలబడింది. కాసేపటి తర్వాత దాని అడుగుల చప్పుడు వినిపించింది.

కువలయ చెయ్యి పంచె మడతలో దాచిన కటారి మీదికి పోయింది. సింగన తల అడ్డంగా ఊపాడు.

“ఎవరు బాబూ నువ్వు?” అన్నాడు మాంత్రికుడు. “ఆగు, చెప్పకు. ఆ ముక్కు నాకు తెలుసు. శరభుడి మేనల్లుడివి కదూ? రా అల్లుడూ. మీ మామ నిరుడు నాకు దూది తెచ్చాడు. దూదితో వంతెన కట్టమన్నాడు. కడుపుబ్బ నవ్వాను. పేని, తడిపి, పురిపెట్టి కట్టాను. మహారాజులాగా నడిచాడు. నువ్వేం తెచ్చావు? వెన్నా? నీళ్ళా?”

సింగన గంప మీది గుడ్డ తీశాడు. జొన్నదంట్లు. ఎండినవి, ఒక్క ఆకూ లేకుండా దూసినవి. పైన నున్నటి పేడు, లోపల తెల్లటి బెండు.

ఊర్ణనాభుడు నవ్వబోయి ఆగాడు. ఒక దంటు తీసి వాసన చూశాడు. గోటితో పేడు చీల్చి, బెండు నొక్కి చూశాడు. నొక్కినచోట గుంట పడింది.

“దీంతో పిల్లలు బండ్లు చేసుకుంటారు” అన్నాడు మెల్లగా. “చక్రాలు బెండుతో, ఇరుసు పేడుతో. అరుగుల మీద లాక్కుపోతారు. నేను చూశాను. దూరంనుంచి.” తర్వాత దంటును గంపలో పెట్టాడు. “ఏం కట్టమంటావు?”

“ఈ కప్పు మోసే స్తంభం.”

సభంతా నిశ్శబ్దమైంది. ముందే నిశ్శబ్దంగా ఉన్న సభ ఇంకా ఎట్లా నిశ్శబ్దమవుతుందో గాని, అయింది.

“ఎక్కడ?”

“ఇదుగో, మా మామ పక్కన. ముందు కింద నిలబడేది నేనే కదయ్యా. నిలబడేదేదో ఆయన పక్కన నిలబడదామని.”

“ప్రేమగల పిల్లవాడివి” అన్నాడు మాంత్రికుడు, చాకు తీసుకుంటూ.

అతను పని మొదలుపెట్టాక సింగన తానెందుకు వచ్చిందీ కాసేపు మరిచిపోయాడు. అట్లాంటి చేతుల్ని అతను ఇంతకుముందు చూడలేదు. ఊర్ణనాభుడు ముందు దంట్లన్నీ ఒక్క పొడవుకు కోశాడు. వంకరవి పక్కన పెట్టాడు, గనుపులు గట్టిగా ఉన్నవి ఏరాడు. ఒంటి దంటును నిలబెట్టి మీద అరచెయ్యి నొక్కాడు. విల్లులా వంగింది. నవ్వుకున్నాడు. రెండు కలిపి నొక్కాడు. కాస్త తక్కువ వంగాయి. అట్లా కలుపుతూ పోయాడు. ఒక దంటు గనుపు పక్కదాని గనుపుతో కలవకుండా పైకీ కిందికీ జరిపాడు. పేళ్ళు చీల్చి, మెలిపెట్టి తాడు చేశాడు. కట్ట చుట్టూ జానెడుకొక కట్టు వేశాడు, పీపాకు ఇనుపపట్టీ వేసినట్టు. నడుము దగ్గర లావుగా, కొసలకు సన్నగా వచ్చింది కట్ట. నిండుచూలాలు నిలబడ్డట్టు ఉంది.

కిటికీలో వాన వెలిసింది. పక్క కిటికీలో ఎండ ఎర్రబడింది. వెండి దూలాల మీద ఆ ఎరుపు పాకి, రాతి మనుషుల ముఖాలకు కొంచెం రక్తం వచ్చినట్టు కనిపించింది.

కువలయ చెవిలో గుసగుసలాడింది. “సింగన్నా, బాగా కడుతున్నాడే! అది నిలిచేట్టుంది.”

“నిలవాలమ్మా.”

“నిలిస్తే నువ్వు రాయివవుతావు!”

“కూలితే మామ మీద కూలుతుంది.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. గెలవడానికి రాలేదు ఈ మనిషి. కటారి మీది చెయ్యి తీసేసి, ఆ చెయ్యి ఏం చెయ్యాలో తెలియక తలపాగా సర్దుకుంది.

ఊర్ణనాభుడు కట్టను ఎత్తి శరభన్న పక్కన దూలం కింద నిలబెట్టాడు. పైన కొంచెం సందు మిగిలింది. వెనక్కి జరిగి, తల వాల్చి చూసుకున్నాడు. జొన్నపేళ్ళు ఎండవెలుగులో బంగారంలా మెరుస్తున్నాయి.

“నిలబడింది” అన్నాడు. “పొద్దు ఇంకా ఉంది. కోరనా?”

“నిలబడింది సరేనయ్యా” అన్నాడు సింగన. “మోస్తోందా?”

పొడుగాటి వేళ్ళు గాలిలో ఆగాయి.

“బరువంతా మా మామ చేతుల మీదుంది. ఇది పక్కన నిలబడి చూస్తోంది. పెళ్ళిపల్లకీ పక్కన కర్ర పట్టుకుని నడిచేవాడు పల్లకీ మోసినట్టా?”

ఊర్ణనాభుడు శరభన్న చేతుల వైపు చూశాడు. ఆ దూలం బరువు చేతుల మీద ఉన్నంతకాలమే ఆ మనుషులు రాళ్ళు. బరువు తీసేస్తే మంత్రం జారిపోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. ఈ కుర్రవాడు కూడా అది పసిగట్టాడని ఇప్పుడు తెలిసింది. “చాలు, ఇంతవరకే నీ కానుక” అని ఒక్క మాట అంటే అయిపోతుంది. కాని బరువు ఎక్కని స్తంభాన్ని స్తంభమని ఏ మేస్త్రి నోటితో అనగలడు? అతను తను కట్టిన కట్ట వైపు చూశాడు. అది మోస్తుందో లేదో చూడాలని అతనికే ఉంది. ఆ ఆశ ముఖంలో దాగలేదు.

“బెండులా కనిపించే ముదురువే” అన్నాడు. “నిలబడు కింద.”

సింగన దూలం కింద, మామకూ జొన్నకట్టకూ మధ్య నిలబడ్డాడు. ఊర్ణనాభుడు ఎత్తుపీట ఎక్కి, పేళ్ళను పలచగా, ఒక పక్క మందంగా ఒక పక్క సన్నంగా చీల్చి, కట్టకూ దూలానికీ మధ్య సందులో పెట్టి అరచేత్తో కొట్టాడు. ఒకటి దిగింది. ఇంకొకటి దిగింది. దూలం కిర్రుమంది. మేడంతా ఒక్కసారి నిద్రలో పక్కకు తిరిగినట్టు కదిలింది. పైనుంచి వెండిపొడి రాలింది.

కట్ట బరువు ఎక్కుతోంది. దంట్లు లోపల్లోపల చిటచిటలాడుతున్నాయి, పొయ్యిలో ఉప్పు వేసినట్టు. నడుము కొంచెం ఉబ్బింది.

అప్పుడు సింగన చూశాడు. నడుము దగ్గర వేసిన కట్టు జారుతోంది. ముడి విడుతోంది. ఊర్ణనాభుడు పైకి చూస్తూ చీలికలు కొడుతున్నాడు, కిందికి చూడటం లేదు. ఊరుకుంటే కట్ట నడిమికి చీలిపోతుంది. పందెం సింగనదే అవుతుంది. కోరిక కోరడానికి మాత్రం ఎవరూ మిగలరు.

“అయ్యా! నడుము కట్టు!” అని అరిచి, రెండు చేతులతో కట్టను కౌగిలించుకున్నాడు.

ఊర్ణనాభుడు కిందికి దూకాడు. సింగన బిగబట్టి ఉంటే అతను ముడి విప్పి, చుట్టు తిప్పి, మళ్ళీ లాగాడు. తాడు చాలలేదు. కువలయ తలపాగా ఊడదీసి విసిరింది. పొడుగాటి జడ వీపు మీద పడింది. ఎవరూ పట్టించుకోలేదు.

“కానుకలో లేనిది కలపకూడదు!” అన్నాడు మాంత్రికుడు పళ్ళ బిగువున.

“అయితే పేడు ఇంకొకటి చీల్చండి! నేను పట్టుకుంటా!” అన్నాడు సింగన.

“వదిలావో చచ్చామన్నమాటే!”

“మాటలాపి చీల్చవయ్యా పెద్దమనిషీ!”

చీల్చాడు. మెలిపెట్టాడు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని, కాళ్ళు కట్టకు తన్ని లాగారు. ముడి పడింది. సింగన మెల్లగా కొస వదిలాడు. కట్ట నిలిచింది.

ఊర్ణనాభుడు మళ్ళీ పీట ఎక్కి ఆఖరి చీలిక కొట్టాడు. శరభన్న రాతి అరచేతులకూ దూలానికీ మధ్య సన్నని వెలుగుగీత కనిపించింది. పురికొస పట్టేంత సందు. అంతే.

రాతి ఛాతీ పైకి లేచింది. ఏడాదిగా పట్టి ఉంచిన ఊపిరి ఒక్కసారి బయటికి వచ్చింది. శరభన్న రంగు కాళ్ళనుంచి మొదలై పైకి ఎక్కింది, నీళ్ళు పోసిన మొక్కకు ఎక్కినట్టు. మోకాళ్ళు వంగాయి. సింగన పట్టుకున్నాడు.

“ఒరేయ్ సింగా” అన్నాడు శరభన్న. గొంతులో దుమ్ము. “ఆ ముడి వేసిందెవర్రా?”

“ఇద్దరం, మామా.”

“అందుకే వంకర” అన్నాడు శరభన్న.

సింగన మామ రెప్పల మీది దుమ్ము పంచె కొసతో తుడిచాడు. శరభన్న చేతులు మాత్రం పైకే ఉన్నాయి. దించుదామని చూశాడు, దిగలేదు. ఏడాదిపాటు మోసిన బరువును భుజాలు ఇంకా వదల్లేదు.

“పందెం నాది” అన్నాడు ఊర్ణనాభుడు వెనకనుంచి.

సింగన లేచి నిలబడ్డాడు. “మీదే. కాదనను. అమ్మా, మామను తీసుకుని వెళ్ళండి. పొద్దు గుంకితే వంతెన ఉండదు.”

కువలయ కదల్లేదు.

మాంత్రికుడు సింగన చేతుల వైపు చూశాడు. ఆ అరచేతుల్లో పేడు కోసిన గాట్లు, తన అరచేతుల్లోనూ అవే గాట్లు. “నువ్వే కావాలి” అనడానికి నోరు తెరిచాడు. అది రాలేదు.

“నాతో కూర్చుని భోంచెయ్యి” అన్నాడు.

“ఏమిటి?” అంది కువలయ.

“నా పుట్టినరోజు. కానుకలిచ్చినవాళ్ళున్నారు, నాతో ముడి లాగినవాడు లేడు.” తర్వాత గబగబా చెప్పాడు, సిగ్గుపడుతున్న వాడిలాగా. “దాచి పెట్టను. ఈ మేడలో నా ఉప్పు తిన్నవాడు మళ్ళీ నా పుట్టినరోజు దాకా గడప దాటలేడు. అది నేను పెట్టిన కట్టుబాటు కాదు, ఈ మబ్బుది. తిన్నవాడూ తప్పించుకోలేడు, పెట్టినవాడూ తప్పించలేడు. రాయివి కావు. కాని పోలేవు.”

“సరే” అన్నాడు సింగన.

ఊర్ణనాభుడు తామరాకులు రెండు పరిచాడు. లోపలికి పోయి తన చేతులతోనే తెచ్చాడు. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, చింతకాయ పచ్చడి.

“నాకూ ఒక ఆకు వెయ్యి” అన్నాడు శరభన్న.

“మామా! నీ కోసమే గదా నేనొచ్చింది! నువ్వు ఇంటికి పో!”

శరభన్న ఎత్తిన చేతులతోనే చుట్టూ తిరిగి చూశాడు. “రాయిగా ఉన్నప్పుడు చూపు ఆనదురా, చెవులు వింటాయి. ఏడాది పొడుగునా వీళ్ళ లోపలి గొంతులు విన్నాను. ఆ మూల ముసలమ్మ పిల్లల పేర్లు లెక్కపెట్టుకుంటుంది. ఇందాక వచ్చినవాడు ఇంకా లోపల నవ్వుతూనే ఉన్నాడు, పాపం, ఆపుకోలేక. వీళ్ళను ఇట్టా వదిలి ఇంటికి పోయి ఏం తినను? జొన్నదంట్లకు కరువా? ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్కటి నిలబెడదాం. ఈయన కట్టనీ, నేను వంకలు పెడతా.”

మాంత్రికుడు అతని వైపు చూశాడు. కోపమో ఆశో తెలియలేదు. అవుననలేదు, కాదనలేదు. మూడో ఆకు వేశాడు.

కిటికీలో పొద్దు దూలాల కిందికి దిగింది. వాకిట్లో వెండిదారాలు వదులవుతున్నాయి. ఇప్పుడు పరుగెత్తితే దాటవచ్చు. కువలయ గుమ్మం దాకా పోయింది. లోయ అవతల కొండ మీద తన దేశపు చెట్లు నల్లగా కనిపిస్తున్నాయి. అక్కడ నిలబడి కాసేపు చూసింది. తర్వాత వెనక్కి వచ్చి, జడ ముడి వేసుకుని, పంచె సర్దుకుని, సింగన పక్కన కూలబడింది.

“కట్టేవాళ్ళు ముగ్గురుంటే మోసేవాడొకడు ఉండొద్దూ?” అంది. “నాకూ వెయ్యండి.”

“అమ్మా—” అన్నాడు సింగన.

“ఏరా అను.”

అతను అనలేదు. ఆమె ఆకులో అన్నం తనే వడ్డించాడు.

నలుగురూ కూర్చున్నారు. ఎవరు మొదలుపెట్టాలో ఊర్ణనాభుడికి తెలియలేదు. చెయ్యి ఆకు దగ్గర పెట్టుకుని అందరి వైపూ చూశాడు. సింగన పప్పూ అన్నమూ కలిపి ముద్ద చేసి, మామ నోటి దగ్గరికి తీసుకుపోయాడు. శరభన్న నోరు తెరిచాడు. అది చూసి మాంత్రికుడు మొదటి ముద్ద తిన్నాడు.

వాకిట్లో దారాలు ఒక్కొక్కటిగా విడిపోయి లోయలోకి జారాయి. చప్పుడు లేదు. దీపాలు కొంచెం పెరిగాయి. సింగన ఒక ముద్ద మామకు, ఒక ముద్ద తనకు. కువలయ తల వంచుకుని తింటోంది. పచ్చడి కారానికి కళ్ళు తుడుచుకుంది, అది కారమే అయి ఉండాలి.

జొన్నకట్టలో ఎక్కడో ఒక పేడు చిటుక్కుమంది.

నాలుగు తలలూ పైకి లేచాయి. దూలం నిలిచే ఉంది. పొగమంచు కిటికీలోంచి లోపలికి వచ్చి, కట్ట చుట్టూ ఒకసారి తిరిగి, బెండును తడిపి మెత్తబరుస్తూ పోయింది. మేస్త్రులు ముగ్గురూ దాన్ని చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఊర్ణనాభుడు పప్పుగిన్నె ముందుకు జరిపాడు. సింగన అందుకుని మామ ఆకులో ఇంకొంచెం వేశాడు.